పాత సూపర్‌హీరోను చీకట్లోకి దించడం ఎలా? భూపాలపల్లి బొగ్గు గని నేపథ్యంగా గ్రాఫిక్ నవల కట్టే పద్ధతి

హనుమకొండ, కాజీపేటల్లో కామిక్స్ గీసే కుర్రవాళ్లకు కొదవ లేదు. పాత సూపర్‌హీరోను కొత్తగా, ముదురుగా చూపిస్తామంటూ వాళ్లు తెచ్చే నమూనా పేజీల్లో మాత్రం ఒకటే వరస: గడ్డం పెరిగిన హీరో, ఆగని వాన, గోడ మీద నెత్తురు, ప్రతి పేజీకీ ఓ డబ్బా నల్ల సిరా. కథ విప్పి చూస్తే పాతదే. దుర్మార్గుడు దొరుకుతాడు, హీరో కొడతాడు. ఇది మసిపూసి మారేడుకాయ చేయడమే తప్ప మరొకటి కాదు.

నా లెక్కలో చీకటి కథ అంటే హీరో బలానికి లొంగని కష్టం ముందు హీరోను నిలబెట్టడం. మిగతా బొమ్మ పనంతా దాని వెనకే నడవాలి. ఉదాహరణకు ఒక కథను మొదటి నుంచి కడుతూ పోతాను. హీరో పాతకాలపు బలశాలి. బుల్లెట్టు దిగని ఒళ్లు, కొండనెత్తే చేతులు. చోటు సింగరేణి సంస్థ నడిపే భూపాలపల్లి బొగ్గు గని.

1. ముందు పాత సంచికలు తిరగేయండి

చీకటి బయట నుంచి తేనక్కర్లేదు. చాలాసార్లు అది హీరో పుట్టుకలోనే ఉంటుంది, తర్వాత ఎవరో కడిగేసి ఉంటారు.

సూపర్‌మ్యాన్ సంగతే చూడండి. జెర్రీ సీగెల్ రాయగా జో షుస్టర్ గీసిన ఈ హీరో 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో వచ్చాడు. అదే ఏడాది మూడో సంచికలో అతను పోరాడింది ఏ గ్రహాంతర రాక్షసుడితోనో కాదు, ఒక బొగ్గు గని యజమానితో. గని కూలి ఒక కార్మికుడు అవిటివాడవుతాడు. భద్రత గురించి అడిగితే యజమాని తప్పంతా కార్మికుడి మీదకే నెడతాడు. సూపర్‌మ్యాన్ కార్మికుడి వేషంలో ఆ యజమాని ఇంటి విందులోకి చొరబడి, సరదాగా గని చూడబోయిన పెద్దమనుషులందరినీ లోపలే ఉంచి దారి కూల్చేస్తాడు. ప్రమాద ఘంటిక మోగించబోతే అది తుప్పుపట్టి ఉంటుంది. యజమానికి బుద్ధి వస్తుంది, తన గనిని దేశంలోకెల్లా భద్రమైనదిగా చేస్తానని మాటిస్తాడు.

1954లో అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. ప్రతిసారీ మంచే గెలవాలి. పోలీసులను, న్యాయమూర్తులను, ప్రభుత్వ అధికారులను, గౌరవనీయ సంస్థలను చులకన చేసి చూపకూడదు. గని యజమానిని గనిలోనే పూడ్చే హీరోకు అందులో చోటెక్కడ? 1986లో ఫ్రాంక్ మిల్లర్ ముసలి బ్యాట్‌మ్యాన్‌తోనూ, అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ ‘వాచ్‌మెన్’తోనూ వచ్చాక ‘ముదురు’ హీరోలు వరస కట్టారు. అయితే ఆ తర్వాతి అనుకరణల్లో ఎక్కువ భాగం వాళ్ల దగ్గర నేర్చుకున్నది వానను, పళ్లు కొరకడాన్నే.

కాబట్టి మీరు ఎంచుకున్న హీరో తొలి పది కథలు దొరికినంత మేరకు చదవండి. తర్వాత మాయమైన కోపం ఏదో వెతికి పట్టుకోండి. మన ఉదాహరణకు ఆ గని కథే దొరికింది.

2. హక్కుల సంగతి తేల్చుకోండి

పాత హీరో అంటే ఎవరి సొత్తూ కాదనుకోవద్దు. 1938 నాటి తొలి సూపర్‌మ్యాన్ కథలకు అమెరికాలో కాపీరైటు తీరేది 2034 జనవరి 1కి. అప్పుడైనా బయటికొచ్చేది ఆ తొలి రూపమే, తర్వాత చేర్చిన హంగులు కాదు. ఛాతీ మీది గుర్తుకూ పేరుకూ ట్రేడ్‌మార్కు వేరే ఉంటుంది. మన 1957 చట్టం ప్రకారం మామూలుగా రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకూ హక్కు నిలుస్తుంది. అచ్చువేసే ముందు ఈ చట్టం తెలిసిన వకీలును ఒక్కసారి కలవండి, ఆ ఫీజు దండగ కాదు.

అంతకన్నా మంచి దారి ఉంది. ‘వాచ్‌మెన్’ మొదట చార్ల్‌టన్ అనే సంస్థ నుంచి సూపర్‌మ్యాన్ ప్రచురణ సంస్థ డీసీ కొన్న హీరోలతో అనుకున్న కథ. ఆ కథ అయ్యాక ఆ హీరోలు మళ్లీ పనికిరారని డీసీ ఒప్పుకోలేదు. మూర్, గిబ్బన్స్ కొత్తవాళ్లను పుట్టించారు. ఆ స్వేచ్ఛ కథకు మేలే చేసింది. ‘బలశాలి’ అనే మూసకు ఎవరికీ పట్టా లేదు. పట్టా ఉన్నది సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం క్రిప్టాన్‌కు, అతని ఎర్ర వల్లెవాటుకు. అవి వదిలేయండి.

మూసను పట్టుకుని దేవుళ్ల మీదకు వెళ్లడం ఈ మధ్య ఫ్యాషన్. సమ్మక్క సారలమ్మల చేతికి లేజరు కత్తులిచ్చిన బొమ్మలు చూస్తే నాకు విసుగే. మేడారం గద్దెల ముందు ఎత్తు బెల్లం మొక్కే మనుషులకు వాళ్లు పాత్రలు కారు, ఇంటి ఆడబిడ్డలు. ఆ జోలికి వెళ్లకుండా కూడా కావలసినంత కథ ఉంది.

3. ఉంచేవి మూడు, విరిచేది ఒకటి

కాగితం మీద హీరో లక్షణాలు రాయండి. వాటిలో ఏ మూడు తీసేస్తే హీరో గుర్తు పట్టకుండా పోతాడో ఆ మూడు ముట్టుకోవద్దు. మిగిలిన వాటిలో ఒక్కటి విరవండి. అన్నీ విరిస్తే ఎవరో కొత్త మనిషి వస్తాడు, పాఠకుడికి పాతవాడు గుర్తుకు రాడు, మార్పులోని నొప్పీ తెలియదు.

మన బలశాలికి ఉంచినవి: గాయపడని ఒళ్లు, రహస్య జీవితం, బలహీనుల పక్షం. విరిచినది: అతని బలం ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం. అతని పేరు ఐలయ్య. ఐలోని మల్లన్న పేరు పెట్టుకున్న ఐలయ్యలు వరంగల్ చుట్టుపక్కల ఊరికొకరు కనిపిస్తారు. హీరోకు అలాంటి పేరే ఉండాలి, పిలిస్తే నలుగురు తిరిగి చూసేది.

4. బలానికి లొంగని కష్టాన్ని ఆ చోటులోనే వెతకండి

మొత్తం పనిలో ఎక్కువ రోజులు పట్టాల్సింది దీనికే. బొమ్మలు గీయడానికి తొందరపడి ఇక్కడ తప్పించుకుంటే తర్వాత ఎంత సిరా పోసినా పూడదు.

1938 కథను యథాతథంగా సింగరేణికి తెచ్చి చూడండి. మొదటి అడుగులోనే ఆగిపోతుంది, ఎందుకంటే విందు చేసుకునే యజమాని ఇక్కడ లేడు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఐలయ్య ఎవర్ని తీసుకెళ్లి గనిలో పూడ్చాలి? ఫైలునా? మొహం లేని ప్రత్యర్థి దొరికాడంటే సగం చీకటి దానంతట అదే వచ్చేసినట్టు.

మిగతా సగం ఇంట్లో ఉంది. గని ప్రమాదంలో కార్మికుడు చనిపోయినా, ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చినా, నిబంధనలకు లోబడి వారసుడికి కారుణ్య నియామకం దక్కే ఏర్పాటు అక్కడ ఉంది. బొగ్గు ఊళ్లలో తండ్రి జబ్బు, కొడుకు బతుకు అలా ముడిపడి ఉంటాయి. ఎవరి ఒంట్లో ఏం చెడిందో మాట్లాడుకోవడం అక్కడ పంటల గురించి మాట్లాడుకున్నంత మామూలు.

ఇప్పుడు ఐలయ్య ఒంటి సంగతి ఆలోచించండి. బొగ్గు దుమ్ము అతని ఊపిరితిత్తులకు అంటదు. మోకాళ్లు అరగవు. ముప్పై ఏళ్లు దిగినా అతను ‘ఫిట్’. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుక్కి తన ఉద్యోగం ఏనాటికీ ఇవ్వలేని తండ్రి అతనొక్కడే. పైకప్పు కూలబోతే భుజం అడ్డం పెట్టి పదిమందిని కాపాడతాడు. ఆ పదిమందీ తర్వాత ఏదో ఒక రోజు అన్‌ఫిట్ అయి కొడుకులను చేర్పించుకుంటారు. సూపర్‌హీరో వరమే ఇంటికి శాపమైంది. ఒక్క దుర్మార్గుడు కూడా అక్కర్లేకపోయింది.

మీ హీరో వేరే, మీ ఊరు వేరే కావచ్చు. ఎగిరే హీరోను ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పడిపోయిన రోజున దింపండి. గాలిలోకి లేచి అతను చేయగలిగింది ఏమీ ఉండదు. మూతపడిన అజంజాహీ మిల్లు మీద ఆధారపడ్డ వాడకట్టులో మెరుపు వేగం ఎవరికి కావాలి? అడగాల్సింది ఒకటే: ఈ చోట అతని శక్తి ఎవరి పొట్ట కొడుతుంది?

5. కథను చివరి దాకా తోసి, కంతలు పూడ్చండి

ఐలయ్య ముందు ఇక ఒకే దారి: చనిపోవాలి. నిజంగా చావలేడు కనుక చచ్చినట్టు నటించాలి. పాత హీరోలు మామూలు మనిషిగా బతకడానికి శక్తిని దాస్తారు. ఐలయ్య కొడుకును బతికించడానికి మనిషినే దాస్తాడు. రహస్య జీవితం అనే మూల లక్షణం పోలేదు, తలకిందులైంది.

ఇక్కడ మీకు మీరే పోలీసు ఇన్‌స్పెక్టరు కావాలి. పైకప్పు కూలితే రెస్క్యూ బృందం శిథిలాలు తీసి శవాన్ని వెలికితీసే దాకా ఊరుకోదు. శవం దొరక్కపోతే? ఏడేళ్లు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించే సూత్రం మన సాక్ష్య చట్టంలో ఉంది. కొడుకు అంతకాలం ఆగలేడు. కాబట్టి శవం దొరకాలి. ఊపిరి బిగబట్టి, గుండె ఆపుకుని ఐలయ్య పడుకుంటాడు. సరే, మరి పోస్టుమార్టం? ఆ ఒంటికి కత్తి దిగదు.

ఇలాంటి కంత కనబడగానే చాలామంది ఒక వాక్యంతో దాటేస్తారు. దాన్నే తవ్వండి. కత్తి వంగిపోయినప్పుడు బల్ల పక్కన ఉన్న డాక్టరు, ఏటా ఐలయ్యకు ‘ఫిట్’ ముద్ర వేసినవాడే అనుకోండి. ఆ ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమవుతుంది. రిపోర్టు రాస్తాడా, అరుస్తాడా? రాస్తాడు. అప్పటి నుంచి రహస్యం ఇద్దరిది, తప్పూ ఇద్దరిది. నవలలో రెండో ముఖ్యపాత్ర కథలోని చిల్లులోంచే పుట్టింది.

చివరి ఘట్టం తెలిసిందే. కొడుకు గనిలో దిగుతాడు, అతని షిఫ్టులోనే పైకప్పు కదులుతుంది. కాపాడితే తండ్రి బతికే ఉన్నాడని లోకానికి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. ఏం చేస్తాడో నేను చెప్పను, అది మీరు తేల్చుకోవాలి. ఒక్క హెచ్చరిక: మూడో దారి కనిపెట్టి అందరినీ సుఖపెట్టకండి.

6. చూసి, అడిగి, తర్వాతే గీయండి

రిటైరైన కార్మికులతో కూర్చుంటే తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గెత్తిన రోజుల నుంచి యంత్రాలు దిగిన రోజుల దాకా చెబుతారు. వాళ్లను హీరోయిజం గురించి అడగకండి. మస్టరు (హాజరు) ఎక్కడ పడేది, క్యాప్‌ల్యాంపు బ్యాటరీ నడుముకు ఎటువైపు కట్టుకునేవారు, టిఫిన్ డబ్బా లోపల ఎక్కడ పెట్టేవారు, ఇలాంటివి అడగండి. అన్‌ఫిట్ నిబంధనలు మారుతుంటాయి. కథ జరిగే సంవత్సరానికి ఏవి అమల్లో ఉన్నాయో కార్మిక సంఘం వాళ్ల దగ్గర సరిచూసుకోండి. గనికి, ఆసుపత్రికి కల్పిత పేర్లు పెట్టండి. నిజంగా ప్రమాదాల్లో పోయినవారి వివరాలు వాడొద్దు, వాళ్ల పిల్లలు అదే ఊళ్లో ఉంటారు.

7. వెలుగు ఎక్కడ నుంచి వస్తోంది?

అమెరికా హీరోలకు చీకటినిచ్చేది ఆకాశహర్మ్యాల నీడ, రాత్రి సందులు. మనకు ఆ అద్దె సరుకు ఎందుకు? ఉత్తర తెలంగాణలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిట్ట మధ్యాహ్నం వీధిలో మనిషి ఉండడు, నీడ కాళ్ల కిందకు ముడుచుకుంటుంది, తలుపు లోపల అంతా నల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపును కాగితం మీద అలాగే వదిలి, వసారా లోపలి భాగాన్ని గట్టి నలుపుతో నింపండి. పట్టపగలే భయం వేస్తుంది. అన్నట్టు, ఈ ఎండలో వల్లెవాటు, బిగుతు తొడుగు వేసుకునేవాడు హీరో కాదు, వడదెబ్బ కేసు. ఐలయ్యకు గని బూట్లు, హెల్మెట్, మసిబారిన చొక్కా చాలు.

గనిలో లెక్క పూర్తిగా వేరు. అక్కడ నెత్తి మీది దీపం ఎటు తిరిగితే అదే లోకం. ప్యానెల్‌ను మొత్తం నల్లగా నింపి దీపపు వలయంలో పడేదే గీయండి: ఒక చేయి, ఒక బోల్టు, సగం ముఖం. పాత్ర ఏం చూడదో పాఠకుడూ అది చూడకూడదు. డాక్టరు, ఇల్లు, ఆఫీసు దృశ్యాలకు ట్యూబులైటు వెలుతురు సరిపోతుంది. దానికి పలచటి బూడిద రంగు వేసి, నీడలు దాదాపు లేకుండా చేయండి. మూడు చోట్లకు మూడు వెలుగులు కుదిరాయంటే పేజీ తిప్పగానే పాఠకుడికి ఎక్కడున్నాడో మాట అక్కర్లేకుండా తెలుస్తుంది.

8. పేజీ కట్టు: చేర్యాల పటం దగ్గర నేర్చుకోండి

వరస బొమ్మలతో కథ చెప్పడం మనకు కామిక్స్‌తో రాలేదు. చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, అడ్డ వరసలుగా కథ గీశారు. పటాన్ని విప్పుకుంటూ కథకులు పాడారు. మడేలు పురాణం, మార్కండేయ పురాణం అలా ఊరూరా తిరిగాయి.

దీన్ని అలంకారంగా అతికిస్తే చవకబారుగా ఉంటుంది, పని అప్పగించాలి. మన నవలలో నిజంగా జరిగింది నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఐలయ్య గురించి కార్మికులు చెప్పుకునే గాథ మాత్రం పటం పద్ధతిలో, ఎర్ర నేపథ్యంలో, నిడివిగా, పూల అంచులతో. గాథలో అతను కొండను చేత్తో ఆపుతాడు. ఎదురు పేజీలో, నలుపు తెలుపుల్లో, అతను క్వార్టరు మెట్టు మీద కూర్చుని బియ్యం లెక్క చూసుకుంటాడు. ఆ పటం పేజీలు మీరు నకలు తీయకండి. ఆ చిత్రకారుల్లో ఒకరికి డబ్బిచ్చి గీయించి, అట్ట మీద పేరు వేయండి.

మిగతా పేజీలకు సమానమైన గళ్లు మంచివి. ‘వాచ్‌మెన్’ తొమ్మిది గళ్ల పేజీ మీద నడిచింది. ఆ క్రమమే ఊపిరాడనివ్వదు. గనిలో ఆరు గళ్లు, పైకప్పు కూలే చోట ఒక్కటే. అలా విడగొట్టే అవకాశాన్ని నవల మొత్తంలో రెండు సార్లకు మించి వాడకండి.

9. ఒక పేజీ స్క్రిప్టు ఇలా ఉంటుంది

స్క్రిప్టు చిత్రకారుడికి రాసే ఉత్తరం. ఏం కనబడాలో, ఏం కనబడకూడదో రెండూ ఉండాలి.

పేజీ 14. ఐదు ప్యానెళ్లు.
ఒకటి, పేజీ వెడల్పంతా: ఆసుపత్రి వరండా బెంచీ. ఐలయ్య, పక్కన కొడుకు. ఇద్దరి మధ్య ఎక్స్‌రే కవరు. మాటల్లేవు.
రెండు: డాక్టరు చేతులు మాత్రమే. ఐలయ్య వీపు మీద స్టెతస్కోపు.
మూడు: కిటికీకి ఎదురుగా పట్టుకున్న ఎక్స్‌రే. మచ్చలేని ఊపిరితిత్తులు.
నాలుగు, చిన్నది: రబ్బరు ముద్ర. శబ్దం: ఠప్.
ఐదు: మళ్లీ వరండా. ఐలయ్య ముఖం చూపొద్దు. కొడుకు: “ఈసారీ ఫిట్టేనా బాపూ?”

మూడో ప్యానెల్ గమనించండి. ఎక్స్‌రేలో ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి నల్లగా పడుతుంది, దుమ్ము చేసిన మచ్చలే తెల్లగా కనబడతాయి. అంటే పేజీలో అన్నిటికన్నా గట్టి నలుపు అతని ఆరోగ్యమే. ఇలాంటిది ఒక్కటి దొరికినా ఆ పేజీకి నెత్తురు అక్కర్లేదు.

10. మాటలు, శబ్దాలు, అక్షరాలు

బుడగలో పది పన్నెండు మాటలు దాటితే కోసేయండి. తెలుగు మాట పొడుగు. ఇంగ్లీషు కామిక్స్ కొలతతో గీసిన బుడగలో పట్టదు. అందుకే పెన్సిలు దశలోనే అక్షరాలు కూర్చి, బుడగ చోటు నిర్ణయించాలి. వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కనుక వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. లేదంటే పై వరస వత్తు కింది వరస గుడిని పొడుస్తుంది.

శబ్దాలకు అప్పు చేయొద్దు. ఫెళఫెళ, ధడేల్, గిర్రున, చిటపట, ఠపీమని; ఇంత సంపద పెట్టుకుని ‘బూమ్’ ఎందుకు? పైకప్పు కూలే ముందు మట్టి రాలే చప్పుడు ‘జల జల’ అని సన్నగా, ప్యానెల్ మూల నుంచి మొదలై లావవుతూ రావాలి. ఇవి ఫాంటుతో కాదు, చేత్తో గీయాలి.

మామూలు సంభాషణకు మండలి, శీర్షికలకు రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలోకి మారుస్తామంటే ఒప్పుకోవద్దు, మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. పాత వెర్షన్ల ఫోటోషాప్‌లో అక్షరాలు విడివిడిగా పడుతుంటే ఫైలు చెడిందనుకోకండి. టెక్స్టు సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే ఇంజిను ఎంచుకోండి. సంభాషణల యాస విషయంలో నా సలహా: బొగ్గు ఊళ్లో పెరిగినవారి చేత ఒకసారి బిగ్గరగా చదివించండి. సినిమా యాస పలికిన చోట వాళ్లే నవ్వుతారు.

11. నల్ల పుస్తకం అచ్చు వేయించడం

రేఖాచిత్రాలు అచ్చు కొలతలో 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), రంగు పేజీలు 300. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయండి, నలుపు అంచు దాకా పోయే పుస్తకంలో కోత ఏమాత్రం జరిగినా తెల్ల గీత పడుతుంది. పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకుంటే కాగితం వృథా కాదు.

అసలు చిక్కు కాగితంతో. మామూలు నవలలకు వాడే 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం మీద గట్టి నలుపు వెనక పేజీకి తేలుతుంది. అవతల వదిలిన తెల్లటి ఎండంతా బూడిదవుతుంది. కనీసం 100 జీఎస్ఎం, లేదా మెరుపు లేని ఆర్ట్ పేపరు అడగండి. ఒకే రేకుకు రెండు వైపులా నిండు నలుపు రాకుండా పేజీల వరస సర్దుకోండి. రంగు ఫారాల్లో ఒంటరి నలుపు వెలిసినట్టు కనిపిస్తుంది, తోడుగా 40 శాతం సయాన్ (అచ్చు నీలం) వేస్తే లోతు వస్తుంది. అక్షరాలకు మాత్రం ఉత్త నలుపే ఉంచాలి; రెండు రంగుల ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా వత్తులు రెండుగా కనిపిస్తాయి.

మొత్తం వేయించే ముందు గని పేజీ ఒకటి, ఎండ పేజీ ఒకటి, పటం పేజీ ఒకటి అదే కాగితం మీద నమూనా తీయించండి. ప్రెస్సు లోపలి దీపాల కింద చూసి సరేననకండి. బయటికి తెచ్చి ఎండలో చూడండి, రాత్రి ఇంటి బల్బు కింద మరోసారి చూడండి. గని పేజీలో దీపం వలయం బయట మీరు దాచిన గీతలు కనబడుతున్నాయంటే నలుపు చాల్లేదు, ప్రింటరుతో మళ్లీ మాట్లాడండి.